దొంగ మెట్టు

నాచారం,
16 జూన్ 2025

హిమజా,

కుశల ప్రశ్నలు తర్వాత, ముందు విషయం విను. నన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నారు.

ఎవరో కాదు, మీ సుష్మ వదినే. నా కన్నకూతురు. పొద్దున బ్యాంకుకు బయల్దేరుతూ వరండా గ్రిల్లుకు బయటినుంచి తాళం వేసి, చెవి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని వెళ్తుంది. సాయంత్రం వచ్చి తీస్తుంది. ఈలోపు ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ, టీవీలో పంచాంగం చెప్పే ఆయనా. ఇస్త్రీ సాలమ్మ మా ప్రహరీ పక్కనే రేకుల కింద బల్ల పెట్టుకుంటుంది కదా, అప్పుడప్పుడూ గ్రిల్లు దాకా వచ్చి "మంచిగున్నవా సారూ" అని చూసిపోతుంది. జూలో కోతిని పలకరించినట్టే ఉంటుంది నాకు.

కారణం చెప్తాను, తీర్పు నువ్వే చెప్పు. పోయిన నెల పాలపాకెట్ కోసం వెళ్లి, ఏదో ఆలోచనలో పడి మౌలాలి రైలు వంతెన దాకా నడిచాను. తెలిసినతను ఎవరో చూసి బండి మీద ఇంటి దగ్గర దింపాడు. అంతే. దానికి సుష్మ "దారి తప్పిపోవడం" అని పేరు పెట్టింది. బతుకంతా ఫిజిక్స్ చెప్పినవాడు నడుస్తూ ఆలోచించకపోతే ఇంకేం చేస్తాడు? పైగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయనేమో వందలోంచి ఏడు తీసెయ్యండి, అందులోంచి మళ్లీ ఏడు తీసెయ్యండి అన్నాడు. ఒళ్లు మండి లేచి వచ్చేశాను.

పోట్లాడి పోట్లాడి నిన్న ఒక ఒప్పందానికి వచ్చాం. నేను విద్యుదయస్కాంతత్వంలో లెక్కలు చేసి నీకు పంపుతాను. నువ్వు నా దగ్గరే చదువుకుని, ఇప్పుడు కాలేజీలో అదే పాఠం చెప్తున్నదానివి. నా బుర్ర సరిగ్గా ఉందని నువ్వు చెబితే తాళంచెవి నా చేతిలో పెడుతుందట. తండ్రి మాట కంటే మేనత్త కూతురి మాట ఎక్కువైంది దానికి. కానీలే, నాకు కావలసింది చెవి.

కడుపుతో ఉన్న నిన్ను మంచం దిగొద్దన్నారట కాబట్టి రమ్మనను. ఫోనులో నాకు వినపడి చావదు. మహిపాల్ ఫ్యాక్టరీ నుంచి ఉప్పల్ వస్తూ మా వీధి మీదుగానే వస్తాడు, గ్రిల్లు సందులోంచి ఉత్తరం ఇస్తాను. మీ ఆయన్ని పోస్ట్‌మన్‌ను చేశానని మీ అత్తగారు ఏమీ అనుకోకుండా చూడు.

లెక్క ఇది. పొడుగాటి లోహపు గొట్టం. అడ్డంగా కోస్తే దీర్ఘచతురస్రం. రెండు పక్క గోడలూ, అడుగూ సున్నా పొటెన్షియల్‌లో ఉన్నాయి. మూతను మాత్రం వాటికి తగలకుండా వంద వోల్టుల దగ్గర ఉంచాం. లోపల ఎక్కడ ఎంత?

పద్ధతి నీకు తెలిసిందే, అయినా రాస్తాను, రాస్తుంటే నాకు క్లాసులో ఉన్నట్టుంది. చలరాశులను వేరు చెయ్యాలి. జవాబు రెండు ముక్కల లబ్ధం అనుకుంటాం. ఒక ముక్కకు అడ్డం సంగతి మాత్రమే తెలుసు, ఇంకోదానికి నిలువు సంగతి మాత్రమే. సమీకరణంలో పెట్టి ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు తోస్తే, ఒకదాని గొడవ ఒకదానికి పట్టని ఆ రెండూ ఎప్పటికీ సమానంగా ఉండాలి. అంటే రెండూ ఒకే స్థిరాంకం. అడ్డంగా రెండు గోడల దగ్గరా సున్నా కావాలి, కాబట్టి అక్కడ ఊగే సైన్. నిలువుగా అతిపరావలయ ప్రమేయం, పిల్లలు పేరు వింటేనే జడుసుకునే ఆ సైన్‌హెచ్. పెరిగే ఘాతంలోంచి తరిగే ఘాతాన్ని తీసేసి సగం చేస్తే వచ్చేది. అడుగున రెండూ సమానం, తేడా సున్నా, మనకు కావలసిందీ సున్నాయే. పైకి పోయేకొద్దీ పెరిగి మూతను అందుకుంటుంది.

గొట్టం పైకి అంతం లేకుండా సాగితే పెరిగే ఘాతాన్ని పారేయవచ్చు. మూసిన పెట్టెలో దేన్నీ పారేయడానికి లేదు. శ్రేణి మొత్తం వెనక రాశాను. దిద్ది పంపు.

తాళంలో ఉన్న మీ మామయ్య,
గంగాధరరావు


ఉప్పల్,
19 జూన్ 2025

మామయ్యకు పడక మీది నుంచే దండాలు.

వందకి వంద! ఒక్క గుణకం కూడా జారలేదు. మా ఫైనలియర్ పిల్లల్లో ఇంత శుభ్రంగా రాసేవాళ్లు ఒక్కరూ లేరు.

మీరు గ్రిల్లు వెనక ఉంటే నేను నాలుగో అంతస్తులో ఫ్యాను కింద ఉన్నాను. బాత్రూముకు లేచినా అత్తమ్మ పరుగెత్తుకొస్తుంది. "కాలు కింద వెట్టకు బిడ్డా, నేనున్న గద" అంటుంది. ప్రేమే, కాదనను. కానీ కిటికీలోంచి మెట్రో పోతుంటే అందులో నిలబడి వేలాడేవాళ్లను చూసి కూడా కుళ్లుకుంటున్నాను. మూడు నెలలు ఇలాగే ఉండాలట.

మీ లెక్కలో దొంగ మెట్టు కోసం రెండుసార్లు వెతికాను, తెలుసా? ప్రతి క్లాసులోనూ బోర్డు మీద కావాలని ఒక తప్పు మెట్టు పెట్టి, గంట కొట్టేలోపు ఎవరు పట్టుకుంటారా అని ఓరగా చూసేవారు. పట్టుకుంటే నిమ్మ పిప్పరమెంటు. పట్టుకోకపోతే మర్నాడు "నిన్న మీరందరూ నా అబద్ధాన్ని అందంగా ఎక్కించుకున్నారు" అని నవ్వేవారు. ఆ భయంతోనే నేను ఫిజిక్స్ నేర్చుకున్నాను. ఈసారి దొంగ మెట్టు లేదు. మొదటి ఉత్తరమని దయ చూపించారా?

సుష్మ వదినకు ఫోన్ చేసి మామయ్య బుర్ర పాదరసం అని చెప్పాను. "ఇంకొన్ని చూడవే" అంది. తనకు తొందరపడటం అలవాటు లేదు, మీకు తెలిసిందే. ఇంకోటి పంపండి.

మీ శిష్యురాలు,
హిమజ


నాచారం,
25 జూన్ 2025

హిమజా,

పాదరసం అన్నావట, సుష్మ చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు. ఇప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ కూడా తీసి దాచేస్తోంది. టీ తాగాలంటే ఫ్లాస్కులోంచి పోసుకోవాలి, అది మధ్యాహ్నానికి చల్లారిపోతుంది. సొంత కూతురింట్లో టీకి కూడా స్వతంత్రం లేదు.

నిన్న వాన పడింది. సాలమ్మ ఎక్కడినుంచో మిరపకాయ బజ్జీలు తెచ్చింది. ప్లేటు గ్రిల్లులోంచి దూరలేదు. ఒక్కొక్క బజ్జీ సందులోంచి అందిస్తుంటే, నేను ఇటు నిలబడి ఒక్కొక్కటే తిన్నాను. "సిగ్గేంది సారూ, తిను" అంది. తిన్నాను. రుచిగానే ఉన్నాయి, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ ఘాటని చెప్పాను.

లెక్క. ఈసారి పైనా కిందా సున్నా. ఎడమ గోడా కుడి గోడా రెండూ వంద వోల్టులు. నిలువుగా సైన్, అందులో సందేహం లేదు. అడ్డంగా ఘాతాలు రెండు వస్తాయి. పెరిగే ఘాతం దూరం పోయేకొద్దీ హద్దు లేకుండా పోతుంది కాబట్టి పారేశాను. తరిగేది మిగిలింది. ఎడమ గోడ దగ్గర పెట్టి చూస్తే గుణకాలు వచ్చేశాయి. లెక్క ఇంత చిన్నదవుతుందని నేనూ అనుకోలేదు.

త్వరగా చూసి సుష్మకు చెప్పు. నాకు వీధి చివరిదాకా నడవాలని ఉంది. అంతకంటే పెద్ద కోరికలేం లేవు.

మామయ్య


ఉప్పల్,
28 జూన్ 2025

మామయ్యా,

దొరికింది! దొంగ మెట్టు దొరికింది! మంచం మీద అరిస్తే అత్తమ్మ నొప్పులొచ్చాయనుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మూసిన పెట్టెలో దేన్నీ పారేయకూడదని మీరే రాసి, మరుసటి ఉత్తరంలోనే పెరిగే ఘాతాన్ని పారేస్తారా? మీ జవాబులో కుడి గోడ దగ్గర పెట్టి చూశాను. వంద రావలసిన చోట దాదాపు ఏమీ రాలేదు. రెండు ఘాతాలూ ఉంచి, మధ్యలోంచి కొలిస్తే రెండు వైపులా సమానం, కాబట్టి కాష్‌హెచ్ వస్తుంది. "లెక్క ఇంత చిన్నదవుతుందని నేనూ అనుకోలేదు" అన్నారు చూడండి, ఆ నటనకు పడీ పడీ నవ్వాను. పిప్పరమెంటు రాసిపెట్టుకోండి.

వదినతో మళ్లీ మాట్లాడాను. పాలగిన్నె బట్టల అల్మారాలో పెట్టారని చెప్పింది. నేనైతే పోయిన వారం ఫోను ఫ్రిజ్జులో పెట్టాను, నన్నూ తాళం వేస్తావా అని అడిగాను. నాకు కొంచెం కోపమే వచ్చింది మామయ్యా. ఇంత పదునైన మనిషికి గ్యాస్ రెగ్యులేటర్ దాచడమేమిటి?

హిమజ


నాచారం,
5 జూలై 2025

హిమజా,

పట్టుకున్నావు. దొంగ మెట్టే. నా శిష్యురాలివి, పట్టుకోకపోతే నాకే అవమానం.

ఉత్తరం ఆలస్యమైంది. కాగితాలు సరిగ్గా లేవు, ఈ పెన్ను కూడా పారుతోంది. నిన్న ఒక తమాషా జరిగింది. సాలమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. ప్లేటు గ్రిల్లులోంచి దూరదు కదా, ఒక్కొక్కటీ సందులోంచి అందించింది. ఎంత మంచి మనిషో.

ఇదిగో లెక్క. పక్క గోడలు రెండూ సున్నా, అడుగు సున్నా, మూత వంద వోల్టులు. స్థిరాంకం గుర్తును జాగ్రత్తగా తీసుకున్నాను. నిలువుగా సైన్. అడ్డంగా సైన్‌హెచ్. ఎడమ గోడ దగ్గర సున్నా, సరిపోయింది. కుడి గోడ దగ్గర కూడా సున్నా కావాలి. సైన్‌హెచ్ ఒకసారే సున్నాను తాకుతుంది, రెండోసారి తాకదు. కాబట్టి గుణకాలన్నీ సున్నా కావాలి. చాలాసార్లు చేసి చూశాను. అదే వస్తోంది.

కాబట్టి పెట్టెలో ఏమీ లేదు.

సుష్మకు చెప్పు. ఈ వారం ఎలాగైనా చెప్పు.

మామయ్య


ఉప్పల్,
9 జూలై 2025

మామయ్యా,

మీరు మామూలువారు కాదు. మొదటి ఉత్తరంలో ఉన్న లెక్కనే మళ్లీ ఇచ్చి, సైన్ ఉండాల్సిన చోట సైన్‌హెచ్ పెట్టి, చివరకు "పెట్టెలో ఏమీ లేదు" అని మొహం సీరియస్‌గా పెట్టారా! మూత మీద వంద వోల్టులు పెట్టి లోపల ఏమీ లేదంటే ఎవరైనా ఊరుకుంటారా? రెండో పిప్పరమెంటు కూడా నాదే. బజ్జీల కథ ఇంతకు ముందే చెప్పారు, అయినా రెండోసారీ బాగుంది.

ఇప్పుడు అసలు కబురు. నిన్న వదినతో గట్టిగానే పోట్లాడాను. "తప్పులు కావాలని పెట్టి ఆడుకునేంత తెలివి ఉన్న మనిషిని బంధిస్తే పాపం తగుల్తుంది" అనేశాను. చివరికి "నువ్వు అంత గట్టిగా చెప్తున్నావంటే సరే" అంది. రేపటి నుంచి తాళంచెవి మీదే!

వీధి చివరిదాకా కాదు, నాచారం చౌరస్తా దాకా నడవండి. అల్లం టీ తాగండి. నా తరఫున కూడా ఒకటి తాగండి.

గెలిచిన హిమజ


ఉప్పల్,
19 జూలై 2025

మామయ్యా,

మహిపాల్ అంతా చెప్పాడు. మిమ్మల్ని చర్లపల్లి స్టేషన్‌లో పట్టుకున్నారని, సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చునే ఉన్నారని, వదిన ఆటోలో వీధి వీధీ తిరిగి చివరకు స్టేషన్ నుంచి ఫోనొస్తే ఏడుస్తూ వచ్చిందని.

వదిన నాకు ఫోన్ చేసింది. అరవలేదు. "నీ మాట మీదే ఇచ్చాను హిమజా" అంది, పెట్టేసింది. అరిచినా బాగుండేది.

మహిపాల్ ఇంకో సంగతి చెప్పాడు. సాలమ్మ అతనితో అందట: "సారు దినమంత కాయితాలు రాస్తడు, చింపుతడు, మల్ల రాస్తడు. జూస్తె నా పానం ఎట్లనో అయితది." అది విన్న దగ్గర్నుంచీ మీ ఉత్తరాలన్నీ దిండు మీద పరుచుకుని చదువుతున్నాను. మీ దొంగ మెట్లు ఇలా ఉండేవి కావు. చిన్న గుర్తులో, ఒక ఘాతంలో దాక్కునేవి. లెక్క మొత్తాన్ని ఎప్పుడూ కూల్చేవి కావు.

మామయ్యా, ఒక్కటే అడుగుతాను. అవి మీరు పెట్టినవేనా?

హిమజ


నాచారం,
23 జూలై 2025

హిమజా,

నిన్ను చూడటానికే బయల్దేరాను. చౌరస్తాలో నిమ్మ పిప్పరమెంట్లు కొన్నాను, నీకు రావలసినవి. బస్సెక్కాను. దిగేసరికి ఎదురుగా పెద్ద కొత్త స్టేషన్, జనం, సామాన్లు. అందరికీ ఎక్కడికి పోవాలో తెలుసు. విచారణ కౌంటర్ దగ్గరికి వెళ్తే ఒక అమ్మాయి "యాడికి పోవాలె తాతా" అని అడిగింది. నీ పేరు తెలుసు. నీ ముఖం కళ్ల ముందే ఉంది. నువ్వు నాలుగో అంతస్తులో ఉన్నావని తెలుసు. ఊరి పేరు రాలేదు. ఉప్పల్ అనే ఆ చిన్న మాట. వెనక జనం తోసుకుంటున్నారు, నేను పక్కకు జరిగి బెంచీ మీద కూర్చున్నాను. పిప్పరమెంట్లు ఒక్కొక్కటే నేనే తినేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను పెట్టలేదు.

నువ్వు "దొరికింది" అని రాసినప్పుడు, ఏం దొరికిందో నాకు అర్థం కాలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుని చూసి చూసి ఎప్పటికో పట్టుకున్నాను. సిగ్గేసింది. నువ్వు ఆట అన్నావు, ఆ ఆట నాకు ఎంతో హాయిగా కనిపించింది, అందులో దూరిపోయాను. రెండో తప్పు నాకు ఇంకా కనిపించడం లేదు. నువ్వు రాసింది చదువుతాను, అవును కదా అనిపిస్తుంది, కాగితం మూస్తే పోతుంది. మళ్లీ చేస్తే మళ్లీ సున్నాయే వస్తోంది.

నాకు భయంగా ఉంది హిమజా. గ్రిల్లు అవతల ఉన్నా, ఇవతల ఉన్నా బయటికి రాలేని చోటు ఒకటి ఏర్పడుతోంది.

సుష్మకు చెప్పకు. అలసిపోయి పొరపాటున వేరే బస్సు ఎక్కానని చెప్పాను. నమ్మినట్టే ఉంది. నువ్వు ఈ మాట చెబితే గ్రిల్లుకు మళ్లీ వేసిన ఈ తాళం ఇక జన్మలో తియ్యదు. నువ్వు నాకు చేయగలిగింది అదొక్కటే, నోరు మూసుకోవడం.

మామయ్య


ఉప్పల్,
27 జూలై 2025

మామయ్యా,

చెప్పేశాను.

నన్ను తిట్టండి, మాట్లాడటం మానేయండి. కానీ మీ ఉత్తరం చదివి నేను నోరు మూసుకుని పడుకోలేకపోయాను. రెండుసార్లు ఆటనుకుని మిమ్మల్ని చర్లపల్లి దాకా పంపింది నేనే. మూడోసారి ఆ పొరపాటు చేయలేను.

మీ లెక్కలు తప్పు మామయ్యా. రెండూ తప్పే. ఈ మాట మీతో అనాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మీరు తప్పు చేయలేరని నేను ఎంత గట్టిగా నమ్మానంటే, కళ్ల ముందున్న తప్పు కూడా మీ తెలివిలాగే కనిపించింది. వదిన మీతో ఒకే ఇంట్లో ఉండి చూసింది. నేను మంచం మీద పడుకుని తనకు పాఠం చెప్పాను.

ఫోన్లో ఇద్దరం ఏడ్చాం. తను ఏమందో తెలుసా? "రోజూ తాళం వేసి మెట్లు దిగేటప్పుడు నాన్న గ్రిల్లు పట్టుకుని నిలబడతారే, వెనక్కి తిరిగి చూడను, చూస్తే బ్యాంకుకు పోలేను" అంది. ఆ మాట మీతో చెప్పొద్దంది. ఈమధ్య ఎవరేం చెప్పొద్దన్నా నేను చెప్పేస్తున్నాను.

ఆ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. కోపం తెచ్చుకోకుండా కూర్చోండి. తాళం గురించి నేను ఇక తీర్పు చెప్పను. మీకు ఏం కావాలో మీరే వదినకు చెప్పండి. నోటితో కుదరకపోతే రాసివ్వండి. నాకు రాసినంత నిజంగా రాయండి.

మీ హిమజ


నాచారం,
8 ఆగస్టు 2025

హిమజా,

వారమంతా నీ మీద కోపంగానే ఉన్నాను. ఇంకా కొంచెం ఉంది. ఉంటుంది కూడా.

డాక్టరు దగ్గరికి వెళ్లాం. వందలోంచి ఏడు తీసేశాను, తొంభై మూడు. ఎనభై ఆరు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన తొందరపెట్టలేదు. మంచివాడే. జబ్బుకు పేరు చెప్పాడు, సుష్మ కాగితం మీద రాసుకుంది. పెరగకుండా మందులిచ్చాడు. తగ్గేది కాదట. సుష్మ ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

నువ్వన్నట్టు దానికి ఉత్తరం రాశాను. ఒకే ఇంట్లో ఉండి కూతురికి ఉత్తరం రాసినవాణ్ణి నేనే అయ్యుంటాను. గోడలు ఎక్కడున్నాయో చెప్పకపోతే మన లెక్క ఏదీ మొదలుకాదు. గోడలు ఉండక తప్పదని ఒప్పుకున్నాను, అది మాత్రం రాశాను. ఎక్కడుండాలో నన్ను కూడా ఒకమాట అడగమన్నాను. తాళం గ్రిల్లుకు కాకుండా బయట గేటుకు వెయ్యమన్నాను. అప్పుడు వరండా నాది, కుళాయి నాది, వాకిలి నాది. ప్రహరీ అవతలే సాలమ్మ ఉంటుంది.

సుష్మ చదివింది. మర్నాడు బ్యాంకుకు ఆలస్యంగా వెళ్లింది. కొత్త తాళం కొనుక్కొచ్చి గేటుకు వేసింది. సాలమ్మను పిలిచి తన ఫోన్ నంబరు ఇచ్చింది. "నేన్ జూస్త గని, నువ్వు ఫికర్ జెయ్యకు పో" అంది సాలమ్మ.

ఇప్పుడు రోజూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. సాలమ్మ చొక్కాలు మడతపెడుతూ దాని మనవరాళ్ల గొడవలు చెబుతుంది. సగం వినపడవు. అయినా తల ఊపుతాను. గ్రిల్లు తెరిచే ఉంటుంది. సుష్మ గేటుకు తాళం వేశాక నిలబడి చెయ్యి ఊపి వెళ్తోంది. ఆమధ్య ఊపేది కాదు.

నీకు ఇక లెక్కలు పంపను. దిద్దినందుకు, చివరికి సరిగ్గా దిద్దినందుకు, సంతోషం.

బిడ్డ పుట్టాక తీసుకురా. గేటు దగ్గర నన్ను పిలవకు, తాళంచెవి సుష్మ దగ్గర ఉంటుంది. లోపలికి రాగానే ముందు నీ పేరు చెప్పు. నేను గుర్తుపట్టినా సరే, చెప్పు.

మామయ్య